మానవపాడులో లాప్‌టాప్ విప్పుతుంటే

మూత ఇంకా పైకి ఎత్తకండి. ఎడమ మూలన వేలు ఆనించి నూలువాసి లేపినా లోపల ప్లాస్టిక్ కిర్రుమంటోంది, విన్నారా? కీబోర్డు పై అంచున బాడీ అతుకు విచ్చుకుంది. ఆ సందులో చిన్న ఇత్తడి ముక్క మెరుస్తోంది. అది ఉండాల్సిన చోటు అది కాదు. ఇంకో అంగుళం లేపితే తెరకు వెళ్లే సన్నని కేబుల్ మీద లాగుడు పడుతుంది. అందుకే ఇక్కడితో ఆపి, రెండు చేతులతో మూత మెల్లగా దించేస్తున్నాను.

మనం మానవపాడులో మా అక్కవాళ్లింట్లో ఉన్నాం. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతాం. ఎర్రవల్లి చౌరస్తా వెనకబడుతుంది. ఈ ఊరి స్టేజీ దాటి అలాగే ముందుకు పోతే తుంగభద్ర, దాని అవతల కర్నూలు. రెండు నదుల మధ్య ఉన్న ఈ నేలకు నడిగడ్డ అని పేరు. గద్వాల చుట్టుపక్కల పల్లెలు విత్తన పత్తికి పేరుపడ్డవి. ఆడ మొక్కల మొగ్గలు విప్పి మగ పూల పుప్పొడిని చేత్తో అద్దే పనిని ఇక్కడ క్రాసింగ్ అంటారు. ఆ పంట ఇంటికి చేరి, ముందు గదిలో గోడవారగా కుప్పపోసి ఉంది. కిటికీలోంచి పడే ఎండలో దూది పోగులు తేలుతున్నాయి, చూడండి. వాటిని గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో ఇవే పోగులు లాప్‌టాప్ కడుపులో కనిపిస్తాయి.

మా అక్క కొడుకు, నా మేనల్లుడు, కర్నూలులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇది వాడు హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న గేమింగ్ లాప్‌టాప్. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్. 2017లో ఇలాంటివి వచ్చినప్పుడు ఎంసెట్ ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు తండ్రుల చేత అప్పు చేయించి మరీ కొనుక్కున్నారు. ఇప్పుడు పగటిపూట ప్రాజెక్టు పని, రాత్రిపూట జీటీఏ 5, రెండూ దీని మీదే.

"ఎప్పటి నుంచి ఇట్ల ఉంది?"

"దసరాకు ముందు చిన్నగ పగిలింది మామా. ఫెవిక్విక్ పెట్టిన. వారం తిరగకముందే మళ్ల ఊడింది."

"మూత ఎట్ల తెరుస్తావు? ఒకసారి గాలిలో చూపించు."

వాడు కుడిచేత్తో టీ గ్లాసు పట్టుకున్నట్టు పెట్టి, ఎడమచేత్తో ఎడమ మూలను ఎత్తినట్టు చూపించాడు. నాకు కావలసిన జవాబు దొరికింది. తక్కిన జబ్బులు కూడా చెప్పమన్నాను. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం లేదు. చార్జరు పిన్నును ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే చార్జింగ్ ఎక్కుతుంది. ఆట మొదలుపెట్టిన కాసేపటికి ఫ్యాను హోరెత్తి, బొమ్మ ముక్కలు ముక్కలుగా కదులుతుంది. నాలుగు జబ్బులు విడివిడిగా వినిపిస్తున్నాయి. మనం విప్పి చూడాల్సింది వాటి వెనక ఉన్న కారణాలను. ఫెవిక్విక్ ఎందుకు ఆగలేదో తెలియకుండా దాని చోట ఇంకో జిగురు పెడితే అదీ ఆగదు.

బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచాం. స్క్రూ జారితే దొర్లకుండా దాని మీదే ఆగుతుంది, కంటికీ కనబడుతుంది. పక్కన చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, పాత ఏటీఎం కార్డు, పళ్లు తోమే కొత్త బ్రష్, మల్టీమీటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, థర్మల్ పేస్ట్, గరుకు కాగితం, అరాల్డైట్ జంట ట్యూబులు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. కంప్యూటర్ పని చేసేవాళ్లంతా దాన్ని సీటీసీ అంటారు. ఈ మోడల్‌కు సరిపోయే బ్యాటరీ, డీసీ జాక్ ముందుజాగ్రత్తగా అక్కడి దుకాణాల్లో వెతికి తెచ్చాను. పూర్తి టాప్ కవర్ మాత్రం దొరకలేదు. పాత మోడల్, రావడం ఆగిపోయిందన్నారు. కాబట్టి ఈ విరిగిన బాడీనే నిలబెట్టుకోవాలి.

లాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జరు తీసి, బోర్లించాను. కిటికీ ఇనుప చువ్వను ఒకసారి ముట్టుకోండి. చలికాలపు పొడిగాలిలో ఒంటి మీద పేరుకునే స్థిర విద్యుత్తు మనకు చురుక్కుమనదు గానీ, చిప్పులకు చాలు చెడగొట్టడానికి. ఒక అట్టముక్క మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీయమని అల్లుడికి చెప్పాను. తీసిన ప్రతి స్క్రూను ఆ బొమ్మలో అదే చోట గుచ్చాలి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. పొట్టిది ఉండాల్సిన రంధ్రంలో పొడుగుది బిగిస్తే అది పైకి పొడుచుకొచ్చి కీబోర్డునో బోర్డునో చీలుస్తుంది. బాగుచేయబోయి చంపిన లాప్‌టాప్‌లలో చాలావాటికి ఇదే మరణకారణం.

ఏటీఎం కార్డు అంచును అతుకులోకి దూర్చి మెల్లగా జరుపుతున్నాను. టక్. ఇంకో టక్. లోపలి కొక్కేలు ఒక్కొక్కటే విడుతున్నాయి. చప్పుడు రాని చోట బలం పెట్టకూడదు, అక్కడ ఇంకా స్క్రూ ఉందని అర్థం. రబ్బరు కాలి కింద దాక్కున్న స్క్రూ ఒకటి అలాగే బయటపడింది. అడుగు మూత లేచి వచ్చింది.

ముందు బ్యాటరీ చూడండి. నల్లటి పలక చదునుగా ఉండాలి. ఇది మధ్యలో ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి పైకి నెడుతోంది. నొక్కుడు పడకపోవడానికి టచ్‌ప్యాడ్ తప్పేమీ లేదు. లిథియం అయాన్ సెల్లు నిండుగా చార్జి అయినప్పుడు ఒక్కోటి 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ స్థితిలోనే, పైగా వేడిలో నెలల తరబడి ఉంటే లోపలి ద్రావకం విరిగిపోయి వాయువు పుడుతుంది. ఆ వాయువే ఈ ఉబ్బు. గేమింగ్ లాప్‌టాప్ ఎప్పుడూ చార్జరుకే తగిలించి ఉంటుంది, ఎప్పుడూ కాగుతూనే ఉంటుంది. రెండూ దీనికి శత్రువులే.

అల్లుడు వేలితో నొక్కి చూడబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఉబ్బిన సెల్లును నొక్కకూడదు, వంచకూడదు, గుచ్చకూడదు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే మంట లేస్తుంది. ఎదుటి గోడవారగా పత్తి కుప్ప ఉందని మరిచిపోకండి. బ్యాటరీ కనెక్టరును గోటితో వెనక్కి లాగి విడదీశాను. స్క్రూలు తీసి, రెండు అరచేతుల మీద పెట్టుకుని పెరట్లోకి నడిచాను. అక్క అక్కడ పాత ఇనుప బకెట్టులో ఇసుక పోసి పెట్టింది. అందులో ఉంచి, బకెట్టును పశువుల కొట్టానికీ గడ్డివాముకూ దూరంగా జరిపాం. దీన్ని చెత్తలో వేయకూడదు, తగలబెట్టకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఇది నాతో హైదరాబాదుకు వచ్చి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట చేరుతుంది.

బ్యాటరీ పోయింది కాబట్టి ఇక బోర్డు మీద చెయ్యి వేయొచ్చు. పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టమన్నాను, కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు కూడా దిగిపోవాలి. తర్వాత ఫ్యాన్ల స్క్రూలు తీశాం.

ఇప్పుడు ముఖం దగ్గరికి తెచ్చి చూడండి. ఫ్యానుకూ రాగి రేకుల వరుసకూ మధ్య బూడిదరంగు కంబళి ముక్క ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. పట్టకారుతో ఒక కొస పట్టి లాగితే చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. సగం దుమ్ము, సగం దూది. ఫ్యాను ఇన్నాళ్లూ ఈ గోడకేసి గాలి కొడుతూ వచ్చింది. ఎంత వేగంగా తిరిగినా రేకుల మీదికి గాలి చేరలేదు. హోరు అందుకే, వేడి కూడా అందుకే. బ్రష్‌తో రేకులు తుడిచాం. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోమన్నాను. గాలికి అది అదుపు లేకుండా గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది.

దుమ్ముతో పని అయిపోలేదు. ప్రాసెసర్ నుంచి, గ్రాఫిక్స్ చిప్పు నుంచి రేకుల దాకా బల్లపరుపు రాగి గొట్టాలు పోతున్నాయి కదా, అవి గట్టి రాగి కడ్డీలు కావు. లోపల గాలి తీసేసి కొద్దిపాటి నీరు ఉంచుతారు. వేడి కొసన నీరు ఆవిరై చల్లటి కొసకు పరుగెత్తి, అక్కడ మళ్లీ నీరై, గొట్టం లోపలి గరుకు పొర వెంబడి వెనక్కి పాకుతుంది. ఆపకుండా తిరిగే ఈ చిన్న నీటి చక్రమే లాప్‌టాప్‌ను బతికిస్తోంది. అయితే చిప్పు వేడి ముందు ఈ గొట్టంలోకి ఎక్కాలి. మధ్యనున్న పేస్ట్ ఎండితే వేడి అక్కడే ఆగుతుంది.

హీట్‌సింక్ మీద స్క్రూల పక్కన అంకెలు చెక్కి ఉన్నాయి. బిగించేటప్పుడు ఒకటి నుంచి, విప్పేటప్పుడు చివరి అంకె నుంచి. ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోవాలి. ఒకే పక్క ముందు విప్పేస్తే బరువంతా చిప్పు ఒక మూల మీద పడుతుంది. తొడుగు లేని సిలికాన్ అది, మూల చిట్లితే మళ్లీ అతకదు. హీట్‌సింక్ లేచింది. పాత పేస్ట్ గోరు తగలగానే పొడిగా రాలుతోంది. ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచాక చిప్పు అద్దంలా మెరిసింది. కొత్త పేస్ట్ వేసి, ఏటీఎం కార్డు మూలతో చిప్పు అంచుల దాకా పలుచగా పరుస్తున్నాను. ఎక్కువ వేస్తే ఎక్కువ చల్లబడదు. రాగికీ సిలికాన్‌కూ మధ్య కంటికి కనబడని గుంటలు నిండితే చాలు, అంతకు మించిన పేస్ట్ వేడికి అడ్డమే. గ్రాఫిక్స్ మెమరీ మీదున్న మెత్తటి ప్యాడ్‌లు చిరగలేదు, వాటిని ఎక్కడివక్కడే ఉంచాను. వాటి మందం మారితే హీట్‌సింక్ ఒక పక్కకు లేచి ప్రాసెసర్‌ను సరిగా తాకదు.

బావ పొలం నుంచి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, బల్ల మీద పరిచిన ముక్కలను కాసేపు తేరిపార చూశాడు.

"దీంట్ల ఇన్ని ఉంటాయా బామ్మర్దీ? పాతదైంది, కొత్తది కొనియ్యమంటాడు వీడు. బోరు మోటరు కాలితే వైండింగు చేపించి మళ్ల దింపుతాం గదా. దీనికి ఆ దారి లేదా?"

ఆ మాట నడిగడ్డ రైతు నోట ఊరికే రాలేదు. రాజోలిబండ నుంచి వచ్చే ఆర్డీఎస్ కాలువ కింద ఇక్కడ 87,500 ఎకరాలు తడవాలని లెక్క కట్టారు. చివరి ఆయకట్టుకు ఆ నీళ్లు లెక్క ప్రకారం అందక రైతులు బోర్ల మీద ఆధారపడ్డారు. బోరు ఉన్న చోట మోటరు, మోటరు ఉన్న చోట వోల్టేజీ దెబ్బలు, కాలిన తీగ చుట్టలు. కాలిన మోటరును ఎవరూ పారేయరు. పాత రాగి తీసి కొత్త రాగి చుట్టే మనిషి దగ్గరలోనే ఉంటాడు. ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ అన్నది ఆయన చేతికి తెలుసు. "దీనికీ ఆ దారి ఉంది బావా," అన్నాను. "దోవ చూపించే కాగితమే మనకు ఇవ్వరు."

డీసీ జాక్ దగ్గరికి వద్దాం. చార్జరు పిన్నును ఒక పక్కకు వంచాల్సి వస్తోంది కదా. ఈ మోడల్‌లో జాక్‌ను బోర్డుకు సోల్డర్ చేయలేదు, పొట్టి వైరుతో విడి కనెక్టరుగా ఇచ్చారు. అది మన అదృష్టం. జాక్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ గూడు విరిగి, జాక్ అటూ ఇటూ ఊగుతోంది. మధ్య పిన్ను నల్లగా మాడింది. చార్జరు కొసన మల్టీమీటర్ పెట్టాను, 19.5 వోల్టులు స్థిరంగా చూపిస్తోంది. చార్జరు మంచిదే. ఇప్పుడు లెక్క వేయండి. ఆట ఆడేటప్పుడు ఈ పిన్ను గుండా ఆరేడు ఆంపియర్లు పోతాయి. మసి పట్టిన చోట పదో వంతు ఓమ్ అడ్డు ఉన్నా, ఆరున్నర ఆంపియర్లకు నాలుగు వాట్లకు పైగా వేడి ఆ గింజంత చోటే పుడుతుంది. వేడికి మసి పెరుగుతుంది, మసికి వేడి పెరుగుతుంది. బయటికి వదులు జాక్‌లా కనిపించింది లోపల నిప్పుకు దారి వేస్తోంది. కొత్త జాక్ అమర్చి, విరిగిన గూడు చుట్టూ అరాల్డైట్‌తో కట్ట కట్టాలి. ఆ జిగురు పని హింజ్‌తో పాటే చేద్దాం.

ఇక అసలు గాయం. బోర్డు, తెర, ఫ్యాన్లు అన్నీ తీసి పక్కన పెట్టాక, కీబోర్డు ఉన్న పై చట్రం ఒక్కటే తువ్వాలు మీద మిగిలింది. ఎడమ హింజ్ కూర్చునే చోట మూడు ప్లాస్టిక్ స్తంభాలు ఉండాలి. ఒక్కో స్తంభం నడుమ ఇత్తడి మర ఉంటుంది. హింజ్ స్క్రూలు ఆ ఇత్తడిలోకే ఎక్కుతాయి. మూడింటిలో రెండు స్తంభాలు మొదలంటా విరిగి ఇత్తడితో సహా పైకి వచ్చేశాయి. మూడోదానికి పగులు ఉంది. మొదట మనకు సందులోంచి మెరిసింది ఆ ఇత్తడే. విరిగిన ముఖాల మీద తెల్లగా గాజులా గట్టిపడ్డది అల్లుడు పెట్టిన ఫెవిక్విక్.

విడిగా ఉన్న హింజ్‌ను చేతిలోకి తీసుకోండి. స్టీలు ఆకును వేళ్లతో తిప్పి చూడండి. తిరగడం లేదు కదా? పట్టకారు వేస్తేనే కదిలింది. ఇదే కారణం. మూత ఏ కోణంలో వదిలితే ఆ కోణంలో నిలబడాలి కాబట్టి హింజ్‌లో రాపిడి ఉండాలి. ఇరుసు మీద వరుసగా పేర్చిన స్ప్రింగు వాషర్లు, వాటిని నొక్కి పట్టే నట్టు, మధ్యలో గ్రీజు. ఏళ్లు గడిచి గ్రీజు ఎండింది, దుమ్ము చేరింది, హింజ్ బిగుసుకుపోయింది. మూత పొడవు పాతిక సెంటీమీటర్లకు అటూ ఇటూ. స్క్రూలు ఇరుసుకు రెండు సెంటీమీటర్ల లోపే ఉన్నాయి. మూత అంచున మనం పెట్టే బలం స్క్రూ దగ్గరికి చేరేసరికి పది రెట్లు దాటుతుంది. ఒక మూల పట్టుకుని ఎత్తితే ఆ బలమంతా రెండు హింజ్‌లకు పంచుకోకుండా ఒకదాని మీదే పడుతుంది. బిగుసుకున్న స్టీలు తిరగనంటుంది, ఇత్తడి స్క్రూను వదలనంటుంది, మధ్యలో మెత్తటిది ప్లాస్టిక్ ఒక్కటే. విరిగింది అదే.

"అంటే ఫెవిక్విక్ మంచిది కాదనా మామా?"

"కొంత అది కూడా. ఆరితే పెళుసైపోతది, లాగితే చిట్లుతది. అసలు సంగతి ఏందంటే, నువ్వు విరిగిన దాన్ని అతికించినవు, విరిచే దాన్ని అట్లనే ఉంచినవు."

అందుకే జిగురు మూత తీయకముందే హింజ్ నట్టును పావు చుట్టు వెనక్కి తిప్పుతున్నాను. సందుల్లో ఆల్కహాల్ పోసి ఎండిన గ్రీజు కడిగి, బొట్టు కొత్త గ్రీజు పెట్టాను. వేళ్లతో తిప్పి చూడండి ఇప్పుడు. అడ్డం ఉంది కానీ మొండితనం లేదు. మరీ వదులు చేస్తే మూత నిలబడక వెనక్కి వాలిపోతుంది. కుడి హింజ్‌తో పోల్చి రెండింటి పట్టూ సమానం చేశాం. ఇది సరిపోయాకే అతుకు పని.

పాత జిగురు పెళ్లలు గీకేశాం. విరిగిన ముఖాలను, చుట్టూ ఉన్న చట్రాన్ని గరుకు కాగితంతో రుద్దాం, నున్నటి ప్లాస్టిక్‌ను జిగురు పట్టుకోదు. స్తంభం మొదట్లో సన్నని సూది డ్రిల్లుతో చిన్న గుంటలు పెట్టాను. జిగురు వాటిలోకి దిగి గట్టిపడితే మేకులా లోపలి నుంచి పట్టుకుంటుంది. ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చాం. తర్వాత అరాల్డైట్ రెండు ట్యూబుల నుంచీ సమానంగా పిండి, గాజు ముక్క మీద పుల్లతో కలుపుతున్నాను. ఒకటి రెజిన్, రెండోది దాన్ని గట్టిపరిచేది. కొలత తప్పితే ఎన్నాళ్లయినా సాగుతూనే ఉంటుంది. త్వరగా ఆరే రకం కాకుండా నెమ్మదిగా ఆరే రకం తెచ్చాను. ఆలస్యంగా గట్టిపడేది బలంగా నిలుస్తుంది, ముక్కలను సరిచూసుకునే వ్యవధీ ఇస్తుంది.

స్క్రూలకు కొవ్వొత్తి మైనం పూశాను, లేకపోతే అవి కూడా శాశ్వతంగా అతుక్కుపోతాయి. హింజ్‌ను దాని స్థానంలో పెట్టి, స్తంభాలను స్క్రూలకు తగిలించే నిలబెట్టాం. స్తంభాన్ని విడిగా అతికించి తర్వాత హింజ్ తెస్తే రంధ్రాలు కలవవు. చుట్టూ జిగురు పోసి, అందులో దోమతెర నైలాన్ ముక్క ఒకటి ముంచి స్తంభం నుంచి చట్రం దాకా పరిచాను. ఇప్పుడు లాగుడు ఒక్క స్తంభం మొదటి మీదే పడదు, చుట్టూ చట్రం మోస్తుంది. డీసీ జాక్ గూడుకూ ఇదే పద్ధతి. బట్టల క్లిప్పులు వేసి, చట్రాన్ని చల్లగాలి తగలని గదిలో పెట్టాం. ఇరవై నాలుగు గంటలు ఎవరూ ముట్టుకోకూడదు. చలిలో ఇంకొంచెం ఎక్కువే. మరమ్మతులో చాలామందికి కష్టమనిపించే భాగం ఈ ఎదురుచూపే.

మర్నాడు సాయంత్రం క్లిప్పులు తీసి, మైనం పూసిన స్క్రూలను వెనక్కి తిప్పితే తేలిగ్గా వచ్చాయి. స్తంభాలు కదల్లేదు. అల్లుడే కూర్చుని బిగించాడు. అట్టముక్క మీది బొమ్మ చూస్తూ తెర, బోర్డు, అంకెల వరుసలో హీట్‌సింక్, ఫ్యాన్లు, కొత్త జాక్, అన్నిటికన్నా చివర కొత్త బ్యాటరీ కనెక్టరు. పవర్ బటన్ నొక్కాక తెర కాసేపు నల్లగానే ఉంది. తర్వాత కంపెనీ గుర్తు వచ్చింది. టచ్‌ప్యాడ్ మీద నొక్కితే చక్కగా టిక్కుమంది. చార్జరు ఏ పక్కా వంచకుండానే ఎక్కింది.

జీటీఏ 5 పెట్టి అరగంట ఆడమన్నాను. పక్కన ఉష్ణోగ్రత చూపే ప్రోగ్రామ్ నడుస్తోంది. ఈ ప్రాసెసర్‌కు హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దుకు చేరగానే కాలిపోకుండా తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. నిన్నటిదాకా బొమ్మ ముక్కలవడానికి కారణం అదే. ఇప్పుడు అంకె ఎనభైల దగ్గరే తిరుగుతోంది. ఫ్యాను చప్పుడుంది గానీ గదిలో మాట వినబడుతోంది. పాతదని పేరుపడ్డ గ్రాఫిక్స్ చిప్పుకు ఏ జబ్బూ లేదు.

కారణాలు మళ్లీ పుట్టకుండా చేయాల్సినవి వాడి చేతే కాగితం మీద రాయించాను. మూతను ముందు అంచు మధ్యలో పట్టుకుని తెరవాలి. పత్తి కుప్ప ఉన్న గదిలో ఆడకూడదు. మంచం మీద, దుప్పటి మీద పెట్టకూడదు, గాలి కిందినుంచే లోపలికి పోతుంది. బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంది, దాన్ని ఆన్ చేశాం. పత్తి ఇంటికి వచ్చిన ప్రతి ఏడూ అడుగు మూత తీసి రేకులు తుడవాలి. ఇంకో సంగతి మిగిలింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఈ ఏడో తరం ప్రాసెసర్‌ను తన జాబితాలో చేర్చుకోలేదు. అందుకని చదువు పనికి లినక్స్ వేసి, పాత విండోస్‌ను ఆటల కోసం వేరుగా ఉంచాం. లోహం, సిలికాన్ బాగానే ఉండగా ఒక తేదీ వచ్చి యంత్రాన్ని ముసలిదని తేల్చడం నాకు మింగుడుపడదు.

ఇది ఒక్క ఇంటి లెక్క కాదు. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలను పోగుచేసిందని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమే. మన దేశంలో కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్, ఇంటి సామాన్లు, వాహనాలతో పాటు వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చారు. బావ ట్రాక్టరూ అల్లుడి లాప్‌టాపూ ఒకే జాబితాలో ఉన్నాయన్నమాట. ఫ్రాన్స్ ఇంకో అడుగు వేసింది. 2021 జనవరి నుంచి అక్కడ లాప్‌టాప్ అమ్మాలంటే దాన్ని బాగుచేయడం ఎంత తేలికో పదికి మార్కులు వేసి చూపించాలి. విప్పే పద్ధతి బయట పెట్టారా, విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధర ఎంత అన్నవాటిని బట్టి ఆ మార్కులు.

మానవపాడులో నేను కోరేది కూడా అదే. ఈ లాప్‌టాప్‌లో విరిగినవన్నీ చౌక వస్తువులే: మూడు ప్లాస్టిక్ స్తంభాలు, ఒక జాక్ గూడు, ఎండిన పేస్ట్, ఒక బ్యాటరీ. ఖరీదైనవన్నీ బతికే ఉన్నాయి. అయినా దీన్ని మూలన పడేసే దాకా వచ్చిందంటే ఆ తోసిన బలం ఎక్కడిదో చూడాలి. టాప్ కవర్ తయారీ ఆపేసిన నిర్ణయంలో ఉంది. స్టీలు హింజ్‌ను లోహపు పట్టీకి కాకుండా నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌కు తగిలించిన గీతలో ఉంది. విప్పే క్రమం చెప్పే పుస్తకాన్ని దాచిపెట్టడంలో ఉంది. ఆ బలాన్ని అలాగే ఉంచి ఊరూరా మనం జిగురు పూస్తూ పోతే ఫెవిక్విక్ పని చేసినవాళ్లమే అవుతాం. యంత్రం అమ్మిన పదేళ్ల దాకా దాని హింజ్, కవర్, బ్యాటరీ దొరకాలి. విప్పే పుస్తకం తెలుగులో కూడా రావాలి. అవి రెండూ చేతికందితే మోటరు చుట్టే మనిషి పక్క దుకాణంలోనే లాప్‌టాప్ విప్పే మనిషీ కూర్చుంటాడు. ఆ పని నేర్చుకునే చేతులు ఈ ఊళ్లో ఉన్నాయి. నిన్న స్క్రూ ఒక్కటి కూడా తారుమారు కాకుండా మొత్తం బిగించింది మా అల్లుడే.